ఇల్లు వరదను చూసి కట్టాల, సేను కరువును చూసి కొనాల



ఈమధ్య రెండు రకాల వాళ్ళ నుంచి ఒకే ప్రశ్న వస్తోంది. మొదటివాళ్ళు తనకల్లు, కదిరి, నంబులపూలకుంట వైపు నుంచి బెంగళూరుకో కేరళకో పనికి పోయిన మన పిల్లలు. "ఊర్లో వానల్లేవు, బోర్లు ఎండిపోయినాయి. ఉన్న నాలుగెకరాలు అమ్మేసి సిటీలోనే ఉండిపోతే మేలా?" అని వాళ్ళ ప్రశ్న. రెండోవాళ్ళు సిటీలో ఉంటూ ఇటు చూస్తున్నవాళ్ళు. "మీ వైపు తుపాన్లు రావు, సముద్రం లేదు. ఇక్కడ నాలుగెకరాలు కొని ప్రకృతి సేద్యం చేసుకుంటూ ఉంటే సేఫే కదా?" అని వీళ్ళ ప్రశ్న.

ఇద్దరూ చూస్తున్నది ఒకే నేలను. ఒకరికి అది ప్రమాదం, ఇంకొకరికి అదే క్షేమం. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. మిగతా సగం తెలుసుకోకుండా అమ్మినా నష్టమే, కొన్నా నష్టమే. అందుకే ఈసారి పంట గురించి కాకుండా, ఉండే చోటు గురించి మాట్లాడుకుందాం.

ఏ ఆపదా లేని ఊరు ఉందా?

ముందు మన రాష్ట్రాన్నే ఒకసారి చుట్టి చూద్దాం. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. సర్కారు లెక్కల ప్రకారమే దాదాపు పది వేల మంది పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను చెల్లాచెదురు చేసింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. కృష్ణా పక్కనే ఉన్న ఊరు, నీళ్ళకు కొదవ లేని ఊరు అని అందరూ అనుకునే విజయవాడ అది.

అయితే పీఠభూమి మీదకి పోతే భద్రమా? 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో భూమి కంపించింది. అది కూడా మనలాగే దక్కన్ పీఠభూమే. అప్పటి భూకంప పటంలో అన్నింటికంటే తక్కువ ప్రమాదం ఉన్న ప్రాంతంగా గుర్తించిన చోటు. అయినా పది వేల మంది దాకా చనిపోయారు. చాలామందిని చంపింది మట్టితో పేర్చిన లావు రాతి గోడలు, వాటి మీద టన్నుల కొద్దీ మట్టి కప్పు. అనంతపురం వైపు పాత మట్టి మిద్దెలను గుర్తు చేసుకుంటే ఈ మాట ఎందుకు చెప్తున్నామో అర్థమవుతుంది.

బెంగళూరా? 2022 సెప్టెంబరులో ఖరీదైన విల్లాల్లోకి వరద వచ్చింది. రెండేళ్ళు తిరక్కముందే, 2024 వేసవికి, బోర్లు ఎండి అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల కోసం క్యూ కట్టాయి. చెరువుల్ని పూడ్చి, రాజకాల్వలను మూసి కట్టిన ఊరికి నీళ్ళు ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే.

కాబట్టి ఆపద లేని ఊరి కోసం వెతకడం దండగ. ఏ ఊరి ఆపద ఎలాంటిది, దానికి మనం ముందే సిద్ధపడగలమా అన్నదే అడగాలి.

కరువుకు సైరన్ ఉండదు

తుపానుకు ఈరోజు పేరుంది, దారి ఉంది, మూడు నాలుగు రోజుల ముందే హెచ్చరిక ఉంది. హుద్‌హుద్ వచ్చినప్పుడు లక్షల మందిని ముందే తరలించారు. ఆస్తి నష్టం ఘోరంగా జరిగినా మన రాష్ట్రంలో ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. దివిసీమలో అంత ఉప్పెన తర్వాత కూడా జనం తిరిగి వచ్చి అక్కడే ఊర్లు నిలబెట్టుకున్నారు, వరి నాటుకున్నారు. ఎందుకంటే నీళ్ళు తీశాక మిగిలింది మంచి డెల్టా నేల, కాల్వ నీళ్ళు.

మన దగ్గర కథ తిరగబడుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది సగటు వాన 552 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని ఆపేస్తాయి. తూర్పు తీరానికి దూరం కాబట్టి ఈశాన్య వానలు కూడా సగం సగమే అందుతాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండయ్యాక తనకల్లు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారింది కానీ వాన మారలేదు. ఇక్కడ ఒక్క రోజులో ఊరు కొట్టుకుపోదు. ఈ ఏడు శెనక్కాయ పోతుంది, వచ్చే ఏడు బోరు పోతుంది, ఆ పై ఏడు ఆవులు పోతాయి, చివరికి పిల్లోడు బస్సెక్కుతాడు. ఎవరూ సైరన్ వేయరు, ఎవరూ పడవలో వచ్చి ఎక్కించుకోరు. తుపాను దివిసీమను ఖాళీ చేయించలేకపోయింది. ఒక్క చుక్క వరద రాకుండానే ఇక్కడ ఎన్నో ఇళ్ళకు తాళాలు పడ్డాయి.

సిటీ నుంచి వచ్చి ఇది సేఫ్ ప్లేస్ అనుకునేవాళ్ళు ముందు గుర్తు పెట్టుకోవాల్సింది ఇదే. ఇక్కడి ఆపద కనబడదు, కానీ పోదు.

కరువు సీమలో వరద

ఇంకో సగం నిజం మన ఊరివాళ్ళకే చెప్పాలి. వానే రాని చోట వరదేంటని మనం వంకల్ని మరిచిపోయినాం.

2021 నవంబరు 19. దివిసీమ ఉప్పెన వచ్చిన తేదీయే, నలభై నాలుగేళ్ళ తర్వాత. ఆ రోజు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. రాజంపేట, నందలూరు వైపు నది పక్క పల్లెల్లో ఎంతోమంది ప్రాణాలు పోయాయి. అదే రోజు చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి మధ్యలో చిక్కుకున్నవాళ్ళను హెలికాప్టర్‌తో తీయాల్సి వచ్చింది. ఎన్నో ఏళ్ళు ఇసుక తప్ప నీళ్ళు చూడని నది అది. ఆ వానలకే కదిరిలో ఒక భవనం పక్క ఇళ్ళ మీద కూలి చిన్నపిల్లలతో సహా పలువురు చనిపోయారు. కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టి మన తనకల్లు ప్రాంతం మీదుగా పోయే పాపాగ్ని కూడా అప్పుడే పొంగింది. కింద వెలిగల్లు ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్ళకు కమలాపురం దగ్గర వంతెన కూలిపోయింది. మళ్ళీ 2024 అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురం శివారు కాలనీలను ముంచింది.

దీన్ని విధి అని వదిలేయడానికి లేదు, కారణం కంటికి కనిపించేదే. పదేళ్ళు పారని వంక పోరంబోకుగా కనిపిస్తుంది. ఒకరు చదును చేసి సేను కలుపుకుంటారు. ఇంకొకరు షెడ్డు వేస్తారు. తర్వాత లేఅవుట్ వస్తుంది. చెరువు మరవ దారిలో తుమ్మచెట్లు పెరుగుతాయి. పదకొండో ఏడు వంద మిల్లీమీటర్ల వాన ఒకే రాత్రి పడుతుంది. ఒక ఎకరా మీద వంద మిల్లీమీటర్లంటే నాలుగు లక్షల లీటర్లు. గుట్ట మీద చెట్టు లేదు, సేన్లో కప్పు లేదు. ఆ నీళ్ళన్నీ పాత దారినే వెతుక్కుంటూ వస్తాయి. ఆ దారిలో మన ఇల్లు ఉంటుంది. కరువు మనకు వరదను మరిపిస్తుంది. అందుకే కరువు సీమలో వచ్చే వరద ఎక్కువ మందిని ముంచుతుంది.

దీంట్లోంచే ఒక సూత్రం తేలుతుంది. పదేళ్ళకొకసారి వచ్చే వరదను చూసి ఇల్లు కట్టాలి. పదిసార్లలో ఎక్కువసార్లు వచ్చే కరువును చూసి సేను కొనాలి. జనం చేసేది దీనికి తలకిందులు. వంక పక్క చల్లగా ఉందని ఇల్లు కడతారు. ఒక మంచి ఏడాది బోరు పోస్తుంటే చూసి సేను కొంటారు.

ఇల్లు ఎక్కడ?

ఇంటి జాగా చూసేటప్పుడు ఈ పనులు చేయండి.

రెండుసార్లు చూడండి. నవంబరులో వాన ఆగిన మర్నాడు ఒకసారి, ఏప్రిల్-మే ఎండలో ఒకసారి. ఒక్క డిసెంబరులో చూసి, పచ్చగా ఉందని అడ్వాన్సు ఇవ్వొద్దు.

గ్రామ పటం, సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ చూడండి. కంటికి కనబడని వంక కూడా పాత పటంలో గీతగా ఉంటుంది. వంక పోరంబోకు, చెరువు ముంపు, మరవ కాల్వ ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకుని కాలినడకన తిరగండి. వీడియోలో చూపించినట్టు కంచెల్లో, చెట్ల మొదళ్ళలో ఇరుక్కున్న పాత చెత్త ఎంత ఎత్తులో ఉందో చూస్తే నీళ్ళు ఎంతవరకు వచ్చాయో తెలుస్తుంది.

గొర్రెల కాపరులను అడగండి. భూమి అమ్మేవాళ్ళు చెప్పనిది వాళ్ళు చెప్తారు. 2021 నవంబరులో ఏ దారి తెగింది, ఏ వంక దాటలేక మందను ఎక్కడ నిలబెట్టుకున్నారు అని అడగండి.

చెరువు కట్ట కింద, మరవ నీళ్ళు పోయే వరసలో ఇల్లు వద్దు. కొంచెం మిట్ట మీద, కానీ గుట్ట నెత్తి మీద కాదు. నెత్తిన గాలి, పిడుగు రెండూ ఎక్కువ. మేఘం ఉరిమినప్పుడు ఒంటి చెట్టు కింద నిలబడొద్దు. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉచితంగా దొరుకుతుంది, ఇంట్లో ఒక్క ఫోన్‌లో పెట్టుకున్నా చాలు.

ఆస్పత్రికి పోయే దారి వాన రోజు తెగుతుందా అని చూడండి. ఇల్లు మునగకపోయినా, ముందున్న వంక పొంగి కదిరికి పోలేకపోతే అది కూడా మునిగిన ఇల్లే.

మట్టి ఇల్లు చల్లగా ఉంటుంది, తప్పు లేదు. అయితే పునాది రాయితో, నేలకు రెండు మూడడుగులు ఎత్తులో ఉండాలి. చూరు బాగా బయటికి రావాలి. పైన బరువు తగ్గాలి. ఏడాదికొకసారి మట్టి పోసుకుంటూ పోయిన పాత మిద్దెల్లో కప్పు బరువు పెరిగి, గోడలు నానిన రోజే కూలుతుంది. పడమర వైపు వేప, కానుగ పెట్టుకుంటే ఐదో ఏటి నుంచి గోడకు ఎండ తగలదు.

సేను ఎలా చూడాల?

కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు తవ్వించిన చెరువు గురించి. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. ఆరు దోషాల్లో ఒకటి: నీళ్ళు కొంచెం, పారించే నేల ఎక్కువ. ఆరున్నర శతాబ్దాల నాటి ఈ మాటను మన బోర్లకు పెట్టి చూడండి. ఒక్క బోరు మీద నాలుగెకరాల టమాటా, పక్కనే ఇంకొకరి మల్బరీ, ఆ పక్కన ఇంకొకరి మామిడి. ఎనిమిది వందల అడుగులు, వెయ్యి అడుగులు దింపడం అంటే తాతలు నిల్వ చేసింది మనం తాగేయడమే. కింద ఉన్నది గట్టి రాయి. పగుళ్ళలో ఎంత నిలిస్తే అంతే.

కాబట్టి సేను కొనేటప్పుడు ఈ బోరు ఎన్ని ఇంచులు పోస్తుందని అడగడం ఆఖరి ప్రశ్న కావాలి. చుట్టూ అర కిలోమీటరులో ఎన్ని బోర్లు ఫెయిలయ్యాయన్నది మొదటి ప్రశ్న. నేలలోంచి పైకి తేలి, రాయి మూత పెట్టిన కేసింగ్ పైపులను లెక్క పెట్టండి. అబద్ధం చెప్పనిది ఆ పైపే. కొత్త బోరుకు 2002 వాల్టా చట్టం కింద అనుమతి కావాలన్నది కూడా మరవొద్దు. హంద్రీ-నీవా కాల్వ మన వైపు వచ్చింది, సంతోషం. కానీ అది శ్రీశైలం నుంచి ఎత్తిపోసే కృష్ణా నీళ్ళు. కృష్ణలో వరద, మోటర్లకు కరెంటు, పైనున్న మండలాల వాటా అన్నీ కలిసొస్తేనే మన చెరువుకు చేరుతుంది. దాన్ని బోనస్ అనుకోండి, జీతం అనుకోవద్దు.

ఇంకా పాత బావి ఉందా? దాంట్లో మే నెలలో తడి ఉందా? మూడడుగుల గుంత తవ్వితే ఎర్రమట్టి ఎంత, గరుసు ఎంత? వాన నీళ్ళు సేన్లోకి ఎటునుంచి వస్తాయి, ఎటు పోతాయి? ఈ నాలుగు జవాబులు దొరికితే సేను సగం అర్థమైనట్టే.

వాన లెక్క చేతిలో ఉండాల

552 మిల్లీమీటర్లు తక్కువేమీ కాదు. లెక్క వేద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వానంటే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల ఇంటి కప్పు అంటే 93 చదరపు మీటర్లు. దాని మీద ఏడాదికి 51 వేల లీటర్లు పడతాయి. ఐదో వంతు పోయిందనుకున్నా 41 వేల లీటర్లు. ఐదుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు రోజుకు 40 లీటర్లు వేసుకుంటే ఏడాదికి 14,600 లీటర్లు. అంటే వాన సగమే పడిన ఏడాది కూడా మన కప్పు మన గొంతు తడుపుతుంది, తొట్టి కట్టుకుంటే. శుభ్రమైన కప్పు, మొదటి వానను బయటికి వదిలే పైపు, ఎండ పడని మూత తొట్టి. ఒక బోరు వేసి ఫెయిలయ్యే డబ్బుతో ఈ పని అయిపోతుంది.

ఇప్పుడు సేను. ఎకరాకు ఏడాదిలో 22 లక్షల లీటర్లు పడుతుంది. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు ఫారంపాండ్, గట్లు వాలుగా తవ్వితే, ఒకసారి నిండితే పట్టేది లక్షన్నర లీటర్లు. అదే ఎకరంలో ఒక్క అడుగు లోతు మట్టి తన పరిమాణంలో పదో వంతు నీళ్ళు పట్టుకోగలిగితే లక్షా ఇరవై వేల లీటర్లు. అంటే గుల్లగా, సేంద్రియ పదార్థంతో ఉన్న ఒక అడుగు మట్టి దాదాపు ఒక ఫారంపాండ్‌తో సమానం. పైగా దాని మీద పంట వేసుకోవచ్చు. ఫారంపాండ్ వద్దని కాదు, రెండూ కావాలి. కానీ మట్టిని గట్టిపరిచి పాండ్ తవ్వితే చిల్లుబిందెకు మూత పెట్టినట్టే.

ప్రకృతి సేద్యం ఏం చేయగలదు, ఏం చేయలేదు

రైతు సాధికార సంస్థ వాళ్ళు 2018 నుంచి అనంతపురం లాంటి మెట్ట ప్రాంతాల్లో వానలకు ముందే పొడి నేలలో నవధాన్య విత్తనాలు వేయిస్తున్నారు. మనం పీఎండీఎస్ అంటున్నది అదే. విత్తనానికి బంకమట్టి, ఘనజీవామృతం, బూడిద పూత. పైన ఆచ్ఛాదన. రెండు చిన్న వానలకే మొలక. ఏడాదిలో ఎక్కువ రోజులు నేల మీద పచ్చదనం. సేన్లో పడిన వాన సేన్లోనే ఇంకుతుంది, పెద్ద వానకు మట్టి కొట్టుకుపోదు. మనం చర్చించుకున్న రెండు ఆపదలకూ, కరువుకూ వరదకూ, ఒకే కప్పు పని చేస్తుంది. ఊరిలో పది మంది ఇలా చేస్తే కింద వంక ఉధృతి తగ్గుతుంది. ఒక్కరు చేస్తే ఆ ఒక్క సేను మట్టి మిగులుతుంది.

ఒక్క శెనక్కాయ మీదే ఆధారపడిన ఇంటికి ఊడలు దిగే టైంలో ఇరవై రోజులు వాన ఎగ్గొడితే ఏడాదంతా పోయినట్టే. కొర్ర, కంది, అలసంద, ఆముదం, అనుము కలిపి వేసుకుంటే ఏదో ఒకటి చేతికొస్తుంది. గట్ల మీద చింత, సీతాఫలం, నేరేడు, ఇంట్లో నాలుగు మేకలు ఉంటే పంట పోయిన ఏడు కూడా పొయ్యి వెలుగుతుంది.

కానీ చేయలేనిది కూడా చెప్పుకోవాలి. జీవామృతం వాన కురిపించదు. వరసగా మూడేళ్ళు వాన పోతే ఏ పద్ధతైనా దెబ్బ తింటుంది. తేడా ఏంటంటే, అప్పు తెచ్చి మందులు, ఎరువులు, బోరు పెట్టినవాడు పంటతో పాటు భూమి కూడా పోగొట్టుకుంటాడు. పెట్టుబడి తక్కువ పెట్టినవాడు పంట ఒక్కటే పోగొట్టుకుంటాడు, మళ్ళీ విత్తడానికి మిగులుతాడు. ఈ నేల మీద భద్రత అంటే నష్టం రాకపోవడం కాదు, నష్టం తర్వాత కూడా ఇక్కడే ఉండగలగడం.

పోవాలా, ఉండాలా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం.

బయటికి పోయిన పిల్లలకు: పోవడం తప్పు కాదు. ఇంట్లో ఒకరు బెంగళూరులో సంపాదిస్తూ, ఒకరు సేను చూసుకోవడం కూడా కరువుకు ఒక ఇన్సూరెన్సే. నూటయాభై కిలోమీటర్ల చుట్టుపక్కల ఉన్న సిటీని వాడుకోవాలి. కానీ ఊరు పూర్తిగా తెంచుకునే ముందు ఒక లెక్క రాయండి. మంచి ఏడాది కాదు, మీకు గుర్తున్న అన్నింటికంటే చెడ్డ ఏడాది తీసుకోండి. ఆ ఏడాది తాగునీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయి? పశువులు మిగిలాయా? అప్పు ఎంతైంది? ఆ ఏడాదికి మళ్ళీ తట్టుకునే మార్గం కనిపిస్తే అమ్మొద్దు. ముఖ్యంగా పాత బావి ఉన్న చెక్క, చెరువు కింద ఉన్న మడి చిట్టచివరికి కూడా అమ్మొద్దు. ఏ మార్గమూ కనిపించకపోతే, అప్పు పెరిగాక దిక్కులేక అమ్మేకంటే ముందే సగం అమ్మి మిగతా సగాన్ని బాగు చేసుకోవడం మేలు.

కొత్తగా వచ్చేవాళ్ళకు: రండి, ఈ నేలకు మనుషులు కావాలి. కానీ కంచె వేసుకుని, వెయ్యి అడుగుల బోరు దింపి, వారానికొకసారి వచ్చి పచ్చగా చూసుకుంటామంటే పక్క రైతు బావిలో నీళ్ళు మీరు తోడుకుంటున్నట్టే. కొనకముందు ఒక ఏడాది కౌలుకు తీసుకోండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఇక్కడే పడుకోండి. చెరువు పూడిక తీసే రోజు, మరవ కాల్వలో కంపచెట్లు కొట్టే రోజు ఊరితో పాటు పోండి. కష్టకాలంలో ముందు వచ్చేది పక్కింటివాళ్ళే. హెలికాప్టర్ తర్వాత వస్తుంది.

చివరగా అందరికీ ఒక చిన్న పని. ఈసారి పెద్ద వాన పడి చెరువు మరవ పారిన రోజు, నీళ్ళు ఎంతవరకు వచ్చాయో దూరం నుంచే వీడియో తీసి పెట్టుకోండి. నీళ్ళు తగ్గాక గుడి గోడకో బడి గోడకో ఆ ఎత్తున సున్నంతో గీత గీసి, తేదీ రాయండి. అలాగే మే నెలలో ఊరి బావి నీళ్ళు ఎన్ని అడుగుల కింద ఉన్నాయో తాడుతో కొలిచి, ఆ గీత పక్కనే రాయండి. ఆ ఊర్లో ఇల్లు యాడ కట్టాలో, సేను యాడ కొనాలో రేపు ఎవరైనా అడిగితే ఆ గోడను చూపించండి, చాలు.